బాంబు మీద పాప పేరు

పోయిన వారం మా మామగారు హోసూరు ఆసుపత్రిలో కన్నుమూశారు. ఫోను చేసిన బంధువులంతా "శాంతంగా పోయినాడా అమ్మా?" అని అడిగారు. అవునన్నాను. నిజానికి ఆఖరి రోజు పొద్దున ఆయన మంచం కమ్మీలు పట్టుకుని, "కింద పడుకోండప్పా, కింద పడుకోండి!" అని వార్డంతా అదిరేలా అరిచారు. చేతులు కట్టేయాల్సి వచ్చింది.

వయసులో ఉండగా ఆయన వైమానిక దళంలో పనిచేశారు. విమానాల కింద బాంబులు తగిలించే పని. తర్వాత వేప్పనపల్లిలో మామిడి తోట చూసుకుని, ముసలితనంలో మా దగ్గరికి వచ్చారు. వీధిలో లారీ టైరు పేలినా చటుక్కున నేల మీద బోర్లా పడేవారు. లేచి పంచె దులుపుకుంటూ, "చప్పుడు విన్నాక ఉరికి లాభం లేదమ్మా, ముందే పడుకోవాల" అనేవారు. మేము నవ్వుకునేవాళ్లం. యుద్ధం ఎట్లుండె తాతా అని మా పాప అడిగితే, "దుమ్ము పాపా, ఒకటే దుమ్ము" అని ఊరుకునేవారు.

రెండేళ్ల కిందట మా ఊరి పక్క మైదానంలో పాత యుద్ధ విమానాల ప్రదర్శన జరిగింది. ఆయన సంతోషిస్తారని నేనే బయలుదేరదీశాను. పెరుగన్నం, టోపీలు, ఆయన మాత్రలు అన్నీ సర్దుకుని వెళ్లాం.

ఒక పాత విమానం కింద, బండి మీద, డొల్ల బాంబు ఒకటి పెట్టారు. పక్కనే సుద్దముక్కలు. మైకు పట్టుకున్న మనిషి, "రాండి రాండి, పేరు రాసి ఫోటో తీసుకోండి! సైనికులు ఇట్లే రాసి శత్రువు మీదికి పంపేవాళ్లు!" అని పిలుస్తున్నాడు. పాప పెద్ద అక్షరాలతో తన పేరు రాసింది. నేను ఫోను పైకెత్తాను.

మామగారు వరుసలో ఉన్నవాళ్లను తోసుకుంటూ వచ్చి, రెండు అరచేతులతో ఆ పేరును రుద్దడం మొదలుపెట్టారు. మైకు మనిషి భుజం పట్టి లాగితే మోచేత్తో మొహం మీద కొట్టారు. అతని పెదవి చిట్లింది. "తాగొచ్చినాడు ముసలోడు!" అని ఎవరో అరిచారు. ఇద్దరు కాపలావాళ్లు ఆయన చేయి విరిచిపట్టి మోకాళ్ల మీదికి తోశారు. బండి అంచు తగిలి అరచేయి కోసుకుపోయింది. "చెరపనీండప్పా, ఆ బిడ్డ పేరు చెరపనీండి!" అని నేల మీద నుంచే చేయి చాపుతున్నారు.

"ఆయన వీటిని మోసిన మనిషి, వదలండి" అని నేను అడ్డం పడ్డాను. వదిలారు. ఆయన పేరు మొత్తం పోయేదాకా తుడిచి, విమానం రెక్క నీడలో కూలబడ్డారు. అప్పుడు, మొదటిసారి, చెప్పారు.

"మన పక్క మామిడి పెట్టె బయటూరికి పోతే దాని మీద ఇంటోళ్ల పేరు రాస్తాం కదమ్మా. నాతో ఉండినోడూ మన పక్కోడే. నవ్వుతా కూతురి పేరు బాంబు మీద రాసినాడు. మా పెట్టె పోతాంది చూడప్పా అన్నాడు. అంతలోనే శత్రువు విమానం వచ్చి పైనుంచి కాల్పులు. నేను పడుకున్నా. వాడు ఇంకా రాస్తానే ఉండాడు. లేచి చూస్తే నడుం పైన మనిషి లేడు. బాంబుకి మాత్రం ఏం కాలే. పేరు మీద అంతా వాడి నెత్తురు."

"తర్వాత, మామా?"

"తర్వాతేముంది. తగిలించమన్నారు, తగిలించినాను. తుడిచేకి టైము లేకపాయ. ఆ బిడ్డ పేరు యాడ పోయి పడిందో, ఆడ ఎందరు బిడ్డలుండిరో. ఊరికొచ్చినాక ఆ పిల్ల ఎదురుపడితే పేరు పెట్టి పిలిచేకి నాకు నోరు రాలేదమ్మా."

ఆయన అరచేతికి నా చెంగు చుట్టబోతుంటే, ఇంకో విమానం మైదానం మీదుగా బాగా కిందికి దూసుకొచ్చింది. నేల అదిరింది. జనం ఈలలు వేశారు. ఆయన ఎప్పటిలా నేల మీద బోర్లా పడతారని చేతులు చాచాను. ఆయన పడుకోలేదు. లేచి నిలబడి పాపను దగ్గరకు లాక్కుని, సుద్ద, నెత్తురు అంటిన అరచేతులతో దాని రెండు చెవులూ మూశారు.

పాప తల పైకెత్తి, తనకే వినిపించని గొంతుతో గట్టిగా అడిగింది: "పోయిందా తాతా?"

లేదన్నట్టు తల అడ్డంగా ఊపారు. విమానం మళ్లీ మా వైపే తిరుగుతోంది.