మడిచిన చూపుడు వేలు

2023 నవంబరు 26, ఆదివారం, మధ్యాహ్నం మూడున్నర గంటలకు మా పై అంతస్తులో ఉండే వదిన ఫోను చేతిలో పట్టుకొని మెట్లు దిగి వచ్చింది. సూరత్ నగరంలో, లింబాయత్‌లోని మా గల్లీలో ఆ వేళకు అందరూ కాస్త నడుము వాలుస్తారు. మా అమ్మ చాప మీద పడుకొని ఉంది. నేను మరునాడు బడిలో చెప్పవలసిన లెక్కలు చూసుకుంటున్నాను.

"అత్తా, జర లేవుండ్రి. మామ సినిమాల గిన యాక్ట్ చేసిండా ఏంది? గిదేందో చూడుండ్రి" అంది వదిన.

"సచ్చిపోయినోడు సినిమాల ఎట్ల చేస్తడే? నీకేమన్న పిస లేసిందా?" అంది అమ్మ, లేవకుండానే.

మా నాన్న పోయి అప్పటికి ఏడాది కావస్తోంది. ఆ మాట అంత తేలికగా అనగలిగినందుకు నేను అమ్మ వైపు చూశాను. ఆమె చెయ్యి చాచి ఫోను అందుకుంది.

అది ఒక పెద్ద వినోద సంస్థ తీసిన హిందీ సీరీస్‌లోని చిన్న భాగం. మగ్గాల షెడ్డులో భార్యాభర్తలు రెండు వరుసల మధ్య నిలబడి, చప్పుడులో మాట వినపడక, చేతులతో తగవులాడుకుంటున్నారు. తగవు చాయ్ గురించి. చక్కెర తక్కువైందని ఆయన, డబ్బా అడుగంటిందని ఆమె. కింద అక్షరాలలో వారి మాటలు వస్తున్నాయి. నటుడు చాయ్ అడగడానికి బొటనవేలిని, మధ్యవేలిని కలిపి కప్పు చెవి పట్టుకున్నట్టు పెదవుల దగ్గరికి తెచ్చాడు. చూపుడు వేలిని అరచేతిలోకి మడిచి పెట్టుకున్నాడు.

అమ్మ ఫోనును చాప మీద బోర్లా పెట్టింది. మళ్ళీ దాన్ని ముట్టుకోలేదు.

అలా ఎందుకు చేసిందో అర్థం కావాలంటే మా నాన్న చేతి గురించి చెప్పాలి. ఆయన ముప్పై ఏళ్ళకు పైగా సాంచల మీద పనిచేశారు. కరెంటు మగ్గాన్ని మావాళ్ళు సిరిసిల్లలోనూ, ఇక్కడ సూరత్‌లోనూ సాంచ అనే అంటారు. సాంచలు నడిచే షెడ్డుకు ఇక్కడ ఖాతా అని పేరు. ఖాతా లోపల మనిషి అరిచినా పక్కవాడికి వినపడదు. అందుచేత అందరూ సైగలతోనే మాట్లాడుకుంటారు. మా అమ్మ అదే ఖాతాలో దారం కండెలు చుట్టేది. వాళ్ళ కాపురంలో సగం మాటలు ఆ షెడ్డులో చేతులతోనే జరిగాయి. నేను ఇంటర్మీడియట్‌లో ఉన్నప్పుడు ఒక సాంచ పళ్ళ చక్రాల మధ్య మా నాన్న కుడిచేతి చూపుడు వేలు నలిగిపోయింది. రెండు కణుపులు తీసివేశారు. అప్పటి నుంచి, అందరూ బొటనవేలితో, చూపుడు వేలితో చేసే చాయ్ సైగను ఆయన మధ్యవేలితో చేయడం మొదలుపెట్టారు. మిగిలిన మొండి వేలు పక్కన ముడుచుకొని ఉండేది.

చివరి రోజులలో ఆయనకు చెవులు దాదాపు వినపడలేదు. ఇంట్లో కూడా అమ్మతో సైగలతోనే గొడవపడేవారు. మా కుటుంబంలో మొదటి పట్టభద్రురాలిని నేను. మున్సిపాలిటీ తెలుగు బడిలో చదువుకొని, తర్వాత కాలేజీకి వెళ్ళి, ఇప్పుడు ఒక ప్రైవేటు పాఠశాలలో లెక్కలు బోధిస్తున్నాను. ఆ గొడవలను ఫోనులో చిత్రీకరించి, కింద తెలుగులో అక్షరాలు వేసి, యూట్యూబులో ఒక చానల్ పెట్టాను. చూసేవారు ఎక్కువ మంది లేరు. సూరత్‌లోని మన వాళ్ళు, భివండీలో, షోలాపూర్‌లో ఉన్న మన వాళ్ళు చూసి నవ్వుకునేవారు.

"నా నోరు సాంచ తిన్నది బిడ్డా, చేతులు మిగిలినయ్" అనేవారు నాన్న, గొంతు ఎంత పైకి లేచిందో తెలియక గల్లీ అంతటికీ వినపడేట్టు. "గవి గూడ మొత్తం మిగలలే. ఉన్నకాడికి తీసుకో."

చాయ్ తగవు వీడియో ఆయన పోవడానికి ముందరి సంవత్సరం తీసినది. చక్కెర తక్కువైందని ఆయన, డబ్బా అడుగంటిందని అమ్మ. దాని కింద నేనే ఒక వాక్యం రాశాను: "ఈ సైగలు మా నాన్న సృష్టి."

ఆ ఆదివారం తర్వాత మా వీడియోకు కొత్త చూపరులు వచ్చారు. నేను మొదట సంతోషించాను. ఆ తర్వాత వారు రాసినవి చదివాను. "సీరీస్ చూసి మంచిగనే కాపీ కొట్టిండ్రు" అని ఒకరు. "ముసలాయన యాక్టింగ్ ఓకే, కానీ ఒరిజినల్ ముంగట తేలిపోయిండు" అని ఇంకొకరు. "వేలు మడవడం గూడ దించేసిండ్రు భయ్" అని మరొకరు. వీడియో ఎప్పటిదో దాని కిందే రాసి ఉంటుంది. ఎవరూ చూడలేదు.

అమ్మకు చదవడం రాదు. అయినా వదిన చదివి వినిపించింది. నాకు చెప్పకుండా ఆ పని చేసినందుకు ఆమె మీద నాకు చాలా కోపం వచ్చింది.

"ఆయన దించేసిండా?" అని అమ్మ నన్ను అడిగింది. "వేలు పోయినోడు వేలు మడవడం ఇంకొకని దగ్గర నేర్చుకుంటడా? నువ్వు చదువుకున్నవ్ గద. గాళ్ళకు రాయి. ఆయన చెయ్యి అది అని అందరికి తెల్వాలె. నాకు ఇంకేం వద్దు."

ఆమె నిజంగానే ఇంకేమీ కోరలేదు. ఆ ఒక్క మాట పదిమందికీ తెలియాలి, అంతే. నేను ఆ సంస్థకు ఇంగ్లీషులో ఉత్తరం రాశాను. రెండు వీడియోలనూ పక్కపక్కన పెట్టి, ఏది ముందో చూపించాను. నా డిగ్రీ మా ఇంటి పనికి ఉపయోగపడిన మొదటి సందర్భం అదేనని కూడా అనుకున్నాను.

జవాబు కోసం ఎదురుచూస్తున్న రోజులలో ఆ సీరీస్ భాగాన్ని ఎన్నిసార్లు చూశానో చెప్పలేను. శబ్దం తీసివేసి చూసేదాన్ని. కొంతసేపటికి నటుడి ముఖం నా కంటికి ఆనేది కాదు, చెయ్యి ఒక్కటే కనిపించేది. ఒకచోట, సైగ ముగిసే క్షణంలో, మడిచిన చూపుడు వేలు పట్టుతప్పి జారి బయటికి వస్తుంది. నిండుగా, గోరుతో సహా. నటుడు వెంటనే దాన్ని లోపలికి మడుచుకుంటాడు. ఆ క్షణాన్ని ఆపి చూసినప్పుడల్లా మా నాన్న వేలు ఇన్నేళ్ళకు మొలిచి, తప్పు చేసినట్టు మళ్ళీ దాక్కుంటోందని అనిపించేది. ఒకరోజు తరగతిలో ఒక పిల్ల జవాబు చెప్పడానికి చెయ్యి ఎత్తింది. ఆ పిల్ల వేళ్ళ మధ్య పెన్సిల్ ఉండటం వల్ల చూపుడు వేలు ముడుచుకొని ఉంది. నేను బల్ల పట్టుకొని నిలబడిపోయాను. "టీచర్, తబియత్ బాగలేదా?" అని పిల్లలే అడిగారు.

సంస్థ నుంచి జవాబు వచ్చింది. ఎంతో మర్యాదగా ఉంది. స్వతంత్రంగా వీడియోలు చేసేవారి ఆలోచనలకూ తమ ఆలోచనలకూ పోలికలు కనిపించడం సహజమేనని, తమ రచయితలు అనేక ఊళ్ళలో మగ్గాల షెడ్లు తిరిగి చూశారని, ఆ సైగలు ఏ ఒక్కరివీ కావని, కార్మికులందరివని అందులో రాశారు. మా నాన్న మృతికి సంతాపం కూడా తెలిపారు.

నేను ఆ జవాబును అమ్మకు తెలుగులో చెప్పాను. "అందరిది గాదు. వేలు ఒక్కనికే పోయింది" అంది అమ్మ.

నాకూ అదే తోచింది. నిండు చెయ్యి ఉన్న ఏ మనిషీ అకారణంగా వేలు మడిచి చాయ్ అడగడు. నటుడు మడిచాడంటే, వేలు లేని మనిషిని చూసి, అది లేదని గ్రహించక, మడిచి ఉందనుకొని అనుకరించాడన్న మాట. ఇంతకన్నా రుజువు ఏం కావాలి? నాన్న పనిచేసిన ఖాతాకు వెళ్ళి, మిగిలిన కార్మికులు చాయ్ ఎలా అడుగుతారో చిత్రీకరించి, రెండో ఉత్తరంతో పంపాలని నిర్ణయించుకున్నాను. అమ్మ తనూ వస్తానంది. నాన్న వేలు పోయిన రోజు తర్వాత ఆమె ఆ గడప తొక్కలేదు.

షేరింగ్ ఆటోలో వెళ్ళాము. ఇప్పుడు అక్కడ పని చూసే మాస్టరుగా ఉన్నాయన మా నాన్నకు స్నేహితుడు. నేను కాక అని పిలుస్తాను. మమ్మల్ని చూసి బయటికి వచ్చారు.

"ఏం వదినా, తొవ్వ తప్పి వచ్చినవా?" అన్నారు. నేను విషయం చెప్పగానే నవ్వారు. "ఓ, గంత చదువు చదివి చాయ్ సైగకు సాక్ష్యం దేవులాడుతున్నవా బిడ్డా? రా, తీసుకో. అసలే చాయ్ యాళ్ల అయింది."

లోపలికి అడుగు పెట్టగానే చప్పుడు మా మాటలను మింగేసింది. నేను ఫోను ఎత్తి పట్టుకున్నాను. కాక గుమ్మం దగ్గర నిలబడి, చాయ్ ఎవరికి కావాలని అడుగుతూ చెయ్యి ఎత్తారు. బొటనవేలు, మధ్యవేలు కలిశాయి. చూపుడు వేలు అరచేతిలోకి మడిచి ఉంది.

ఆయన స్నేహితుడు గనుక అలవాటై ఉంటుందని అనుకున్నాను. అంతలో సాంచల వరుసల మధ్య నుంచి చేతులు లేవసాగాయి. ఒకటి, దాని వెనుక ఇంకొకటి, చివరి గోడ దాకా. మా నాన్నను ఎరిగినవారు ఉన్నారు, ఎన్నడూ చూడని కొత్తవారూ ఉన్నారు. మనవాళ్ళు, ఒడియావాళ్ళు, యూపీవాళ్ళు. అన్నీ నిండు చేతులే. అన్నింటిలోనూ చూపుడు వేలు మడిచే ఉంది. దూదిపొడి నిండిన ఆ వెలుతురులో, ఎవరి ముఖమూ సరిగా కనిపించని ఆ చివరన, మా నాన్న చెయ్యి ఒక్కటే అన్నిచోట్లా నిలబడి చాయ్ అడుగుతోంది. అమ్మ నా భుజం పట్టుకుంది.

చాయ్ తాగడానికి అందరూ బయటికి వచ్చినప్పుడు నేను ఒక ఒడియా కార్మికుడిని, వేలు ఎందుకు మడుస్తావని హిందీలో అడిగాను. అతను నన్ను వింతగా చూశాడు.

"ఉంగలీ మోడో, తభీ చాయ్, దీదీ. సీధీ ఉంగలీ మత్‌లబ్ తార్ టూటా."

వేలు మడిస్తేనే చాయ్. వేలు చాపితే దారం తెగిందని అర్థం. అతనికి అది ఎవరి గాయమూ కాదు, మాటకు ఉండవలసిన పద్ధతి. ఎవరు నేర్పారని అడిగాను. "ఖాతాలో అందరూ ఇలాగే చేస్తారు కదా" అని, కప్పు పారేసి లోపలికి వెళ్ళిపోయాడు.

"పని నేర్చుకున్నోళ్ళందరు మీ నాయిన కిందనే నేర్చుకున్నరు" అన్నారు కాక. "ఆయన ఎట్ల జేస్తే గట్ల జేసిండ్రు. గాళ్ళను చూసి ఇంకొకళ్ళు. ఈడికెల్లి పక్కూరు కిమ్‌కు పోయినోళ్ళు ఆడ గూడ గిట్లనే అడుగుతరు. గా సీరీసోళ్ళో, ఇంకెవలో, కెమెరాలు పట్టుకొని కిమ్‌ల నాలుగు దినాలు తిరిగి పోయిండ్రంట. ఏం చూసిండ్రో ఏమో."

"మా వీడియో చూసి ఉండరా కాకా?"

"చూస్తే చూసి ఉండచ్చు. చూడకుంటె గూడ గిదే చూస్తరు గద బిడ్డా."

నేను తెచ్చుకున్న రుజువు నా ఫోనులోనే ఉంది. అది సంస్థ రాసిన మాటనే బలపరుస్తోంది. వారు మా వీడియో చూసి తీశారా, కిమ్‌లో ఎవరి చెయ్యి చూసి తీశారా అన్నది నాకు ఎప్పటికీ తెలియదు. ఎక్కడ చూసినా వారు చూసింది ఆయన చేతినే. కానీ ఆ మాటను ఏ ఉత్తరంలో ఎలా రాయాలి?

కాక అమ్మకు చాయ్ అందించారు. ఆమె కప్పు పట్టుకొని కూర్చుంది, తాగలేదు. చల్లారిపోయిన తర్వాత కింద పెట్టి లేచింది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో మా ఎదురుగా ఇంకో ఇద్దరు కూర్చున్నారు. అమ్మ వారి చేతులనే చూస్తూ ఉంది. మా గల్లీ మలుపు దాకా వచ్చాక మాట్లాడింది.

"గన్ని చేతులు లేసినయ్ గద. ఒక్కటన్న ఆయనది గాదు."

"అన్నీ నాయిన నేర్పినవే కదమ్మా."

"నేర్పిండు. పోయిండు." కొంగుతో ముఖం తుడుచుకుంది. "గాళ్ళకు తెల్వదు బిడ్డా, ఆ వేలు ఎట్ల పోయిందో. ఆ దినం దవాఖానకు నేనే తీసుకపోయిన, నా కొంగుల చుట్టి. ఇగ ఎవలకు రాస్తవ్? సీరీసోళ్ళకా, ఖాతాలోళ్ళకా? వద్దు. ఊకో."

నేను రెండో ఉత్తరం పంపలేదు. మా వీడియో కింద ఉన్న "ఈ సైగలు మా నాన్న సృష్టి" అన్న వాక్యాన్ని తీసివేసి, "ఇవి సూరత్ సాంచల ఖాతాలలో వాడే సైగలు, చాయ్ సైగలో చూపుడు వేలు మడవడం మాత్రం, వేలు కోల్పోయిన మా నాన్న చేతి నుంచి వచ్చింది" అని రాశాను. దాన్ని చదివినట్టు ఇంతవరకు ఎవరూ రాయలేదు. చానల్‌లో కొత్త వీడియోలు పెట్టడం మానేశాను. మా ఇంట్లో ఇప్పుడు చేతులతో ఎవరమూ మాట్లాడుకోము.