మా పెద్దమ్మా, బైబిల్లో వెనక వరుస ఆడవాళ్ళూ

మా పెద్దమ్మకు బైబిల్లో మగవాళ్ళు కనపడరు. కళ్ళజోడు మార్పించినా కనపడలేదు. మోషే, దావీదు, పౌలు అందరూ ఎవరో ఒక ఆడమనిషి కథకు అడ్డంగా నిలబడ్డవాళ్ళే ఆమె దృష్టిలో. ఆడవాళ్ళలో కూడా హవ్వ, ఎస్తేరు లాంటి పేరుమోసిన వాళ్ళ జోలికి పోదు. "వాళ్ళకేం, చెప్పుకోవడానికి లోకమంతా ఉంది" అంటుంది. ఒక వాక్యంలో వచ్చి మరో వాక్యంలో మాయమయ్యే వాళ్ళుంటారు చూడండి, వాళ్ళు ఆమెకు దగ్గరి చుట్టాలు. నిన్న సాయంత్రం వాళ్ళింట్లో టీ తాగి వచ్చినట్టు మాట్లాడుతుంది.

ఈ చుట్టరికం వల్ల బాగా నష్టపోయింది మా పాస్టరు గారు. కొత్తగా వచ్చిన రోజుల్లో ఆయన నోవహు ఓడ మీద ప్రసంగం అందుకున్నారు. ఓడ కట్టించి, జంతువుల్ని జతలుగా ఎక్కించి, ఇక వాన కురిపించబోతుండగా పెద్దమ్మ లేచి నిలబడింది.

"అయ్యగారూ, నోవహు భార్య సంగతేమిటి?"

"ఆమె పేరు గ్రంథంలో లేదమ్మా."

"పేరు లేకపోతే పోనీండి. అన్ని జంతువులకూ మేత ఎవరు వేశారు? ఆ పేడంతా ఎవరు ఎత్తారు?"

"అదీ... కుటుంబమంతా కలిసి..."

"మీ ఇంట్లో గిన్నెలు కుటుంబమంతా కలిసే తోముకుంటున్నారా?"

ముందు బెంచీలో ఉన్న పాస్టరు గారి భార్య గట్టిగా 'ఆమేన్' అంది. ఆ రోజు ఇక వాన కురవలేదు.

ఆ పై ఆదివారం ఆయన బాగా ఆలోచించి యోనాను ఎంచుకున్నారు. చేప కడుపులో ఆడవాళ్ళుండరు కదా అని ధైర్యం. ప్రసంగం సగం దాకా సాఫీగా నడిచింది. యోనా ఒడ్డున పడుతుండగా వినపడింది పెద్దమ్మ గొంతు. "మూడు రోజులు కొడుకు ఇంటికి రాకపోతే ఆ కన్నతల్లి ఏమైపోయిందో!" పాస్టరు గారు చేపను అక్కడే వదిలేసి పాట అందుకోమన్నారు.

పెద్దమ్మది కుట్టుపని. బజారు మలుపులో కొట్టు. రెండు మిషన్లు, ఒక నిలువుటద్దం, కాళ్ళు ఎత్తుపల్లాలుగా ఉన్న ఇస్త్రీ బల్ల. కొత్త బట్ట ఒంటి మీద వేసి సరిచేసేటప్పుడు నోటినిండా గుండుసూదులు పెట్టుకుంటుంది. అప్పుడు 'ఊఁ' తప్ప ఏమీ అనలేదు. అడ్డుపడకుండా వినే మనిషి దొరికేసరికి ఆడవాళ్ళు కడుపులో ఉన్నదంతా చెప్పేస్తారు. చెప్పడం పూర్తయ్యాక పెద్దమ్మ సూదులు ఒక్కొక్కటే తీసి దిండుకు గుచ్చి, చివరి సూది తీశాక ఒక పేరు పెడుతుంది. ఆ పేరు ఊరంతా పాకడానికి సాయంత్రం దాకా కూడా పట్టదు.

టైపు నేర్పే ఆవిడకు 'తేబేసు' అన్న పేరు అలా వచ్చిందే. ఆవిడ మేడ మీద మొక్కలకు నీళ్ళు పోస్తుంటే చెయ్యి తగిలి పూలకుండీ కింద పడింది. కింద అద్దె పెంచుదామని వచ్చిన ఇంటి యజమాని ఉన్నాడు. ఆయన తలకు కట్టు, ఈవిడకు తిట్లు. పెద్దమ్మ మాత్రం పొంగిపోయింది. "తేబేసు పట్టణంలో ఒకావిడ గోపురం మీద నుంచి తిరగటి రాయి వేసి, ఊరి మీదికి దండెత్తి వచ్చిన అబీమెలెకు రాజు తల పగలగొట్టింది. ఊరంతా బతికిపోయింది. నువ్వు వేసింది కుండీయే కదా!" అంది. యజమాని ఆ తర్వాత ఆ మేడ కింద నుంచి నడిచినప్పుడల్లా గొడుగు వేసుకునేవాడు. ఎండా లేదు, వానా లేదు.

మందుల షాపాయన భార్య పేరు 'అబీగయీలు'. ఆయన కనపడిన వాడితో కయ్యం పెట్టుకుని వస్తే, ఆవిడ కేకులు సర్దుకుని వెనక వెనకే వెళ్ళి సర్దిచెప్పి వచ్చేది. ఆ పేరు విని ఆయన మహా మురిసిపోయాడు.

"దావీదు రాజు భార్య పేరటగా, చెల్లెమ్మగారూ! మా ఆవిడకు తగిన పేరే పెట్టారు."

"అవునన్నయ్యా. రాజు కంటే ముందు ఆవిడకు ఒక మొగుడు ఉండేవాడు. నాబాలని."

"ఆయన కూడా గొప్పవాడేనా?"

"మీరు చదవండి అన్నయ్యా, నేను చెబితే బాగుండదు."

ఆయన ఇంతవరకూ చదవలేదు. నాబాలు అంటే తెలివితక్కువ మోటువాడని, దావీదుతో వాడు పెట్టుకున్న కయ్యాన్ని అబీగయీలే రొట్టెలు పట్టుకెళ్ళి సర్దిందని ఊళ్ళో ఆయనకు తప్ప అందరికీ తెలుసు.

ఇక అసలు సంగతి. మా సంఘ పెద్ద గారింట్లో ప్రార్థనకు బిషప్ గారు రావాలి. మధ్యాహ్నం నుంచి గాలివాన. దారిలో చెట్లు పడ్డాయన్నారు, ఫోను కలవడం లేదు. ఆయన క్షేమంగా రావాలని ఇంటిల్లిపాదీ లోపలి గదిలో మోకరించి ప్రార్థన మొదలుపెట్టారు. కొత్త కోడల్ని మాత్రం ముందు గదిలో కూర్చోబెట్టారు, ఎవరైనా వస్తే చూడమని.

తలుపు చప్పుడైంది. కోడలు పక్క కిటికీలోంచి తొంగి చూసింది. సాక్షాత్తూ బిషప్ గారు, గడ్డంలోంచి నీళ్ళు కారుతూ! ఆ పిల్లకు ఆనందం ఎంత వచ్చిందంటే, గడియ సంగతి మర్చిపోయి లోపలికి ఒకటే పరుగు.

"అత్తయ్యగారూ, బిషప్ గారు వచ్చేశారు!"

"ష్! ఆయన క్షేమంగా రావాలనే ప్రార్థన చేస్తున్నాం, కనపడట్లేదా?"

"వచ్చేశారండీ, గుమ్మంలో ఉన్నారు!"

"మతి పోయిందా నీకు? ఇంత వానలో మనిషి ఎలా వస్తాడు? కళ్ళు మూసుకో!"

పాపం, పిల్ల కళ్ళు మూసుకుంది. బయట తలుపు గట్టిగా మోగినకొద్దీ లోపల సంఘ పెద్ద గారు గొంతు పెంచారు. ఆమేన్ అనేసరికి బిషప్ గారి బూట్లలో చేపలు పెంచొచ్చు.

ఆ సాయంత్రం ఫోను కలవడం మొదలవగానే అత్తగారు వియ్యాలవారికి చేసింది. "పొద్దున్నే వచ్చి మీ అమ్మాయిని తీసుకెళ్ళండి. తలుపు తియ్యడం నేర్పించి అప్పుడు పంపండి." మళ్ళీ ఎప్పుడు పంపమంటారో చెప్పలేదు. కొడుకేమో తల్లి ముఖం ఒకసారి, భార్య ముఖం ఒకసారి చూసి, కరెంటు సంగతి కనుక్కుని వస్తానంటూ వీధిలోకి జారుకున్నాడు.

బిషప్ గారి తడిసిన అంగీ ఆరబెట్టి ఇస్త్రీ చేసే పని పెద్దమ్మకు వచ్చింది. మర్నాడు పొద్దున అది పట్టుకుని ఆమె, ఆమె వెనక నేను వెళ్ళేసరికి, బిషప్ గారు దుప్పటి కప్పుకుని తుమ్ముతున్నారు. సంఘ పెద్ద గారు పేపరు వెనక దాక్కున్నారు. అత్తగారు నడుం మీద చెయ్యేసుకుని నిలబడి ఉంది. కోడలు గోడ వారగా, పక్కన పెట్టె. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బిపోయాయి.

"ఈ పెట్టె ఎవరిది?" అంది పెద్దమ్మ.

"మా మహారాణిది. పుట్టింటికి వెళుతోంది" అని అత్తగారు జరిగిందంతా చెప్పింది.

పెద్దమ్మ చివరిదాకా విని, ఒక్కసారి చప్పట్లు కొట్టింది.

"రొదే! ఇన్నాళ్ళకు కనపడ్డావా తల్లీ!"

అందరూ తెల్లముఖం వేశారు. పెద్దమ్మ బిషప్ గారి వైపు తిరిగింది. "అయ్యగారూ, మీకు నేను చెప్పాలా? పేతురు చెరసాల నుంచి బయటపడి వచ్చి తలుపు తట్టాడు. లోపల అందరూ ఆయన కోసమే ప్రార్థన. రొదే అనే పిల్ల గొంతు గుర్తుపట్టి, సంతోషం పట్టలేక, తలుపు తియ్యకుండానే లోపలికి పరిగెత్తింది. లోపలి వాళ్ళు ఏమన్నారు?"

బిషప్ గారు తుమ్ము ఆపుకుని, "పిచ్చిదానివన్నారు" అన్నారు నెమ్మదిగా.

సంఘ పెద్ద గారి పేపరు ఇంకాస్త పైకి లేచింది.

"ఇల్లు గలావిడ పేరు తప్ప, లోపల మోకరించిన పెద్దల్లో ఒక్కరి పేరైనా రాశారా? తలుపు తియ్యని పిల్ల పేరు రాశారు! ఇన్ని వందల ఏళ్ళ నుంచీ చదువుతున్నాం. ఎందుకండీ? వాళ్ళు అడిగారంతే. నమ్మింది ఆ పిల్ల ఒక్కతే."

బిషప్ గారికి నవ్వూ తుమ్మూ కలిసి వచ్చాయి. "అయితే నేను పేతురునా?"

"గుమ్మం బయట నిలబడ్డంత వరకూ పేతురే. ఆపై సంగతి మీరు చూసుకోవాలి."

అత్తగారు మాత్రం నవ్వలేదు. "మీ అందరికీ ఆటగా ఉంది. వారం నుంచి ఇల్లు కడిగిందెవరు? దుప్పట్లు ఉతికిందెవరు? ఇంతమందికీ వండిందెవరు? చివరికి బిషప్ని వానలో నిలబెట్టిన ఇల్లని ఎవర్నంటారు? నన్నే కదా!"

పెద్దమ్మ కుర్చీ లాగి ఆమె వెనక వేసింది.

"నీకూ ఒక పేరుంది. పేతురు అత్త."

"ఆవిడెవరు మళ్ళీ?"

"జ్వరంతో మంచాన పడింది. ప్రభువు చెయ్యి పట్టుకోగానే జ్వరం దిగింది. దిగీ దిగగానే లేచి అందరికీ వడ్డించింది. ఆ ఇంటి మగవాళ్ళ మీద నాకు ఇప్పటికీ కోపమే. కాసేపు కూర్చోమ్మా, మేం పెట్టుకుంటాం అన్నవాడు ఒక్కడైనా ఉన్నాడా? నువ్వు కూర్చో ముందు."

అత్తగారు కూర్చుంది. వారం తర్వాత కూర్చోవడం కాబోలు, పెద్ద నిట్టూర్పు వచ్చింది. సంఘ పెద్ద గారు పేపరు మడిచి వంటింట్లోకి నడిచారు. కాసేపటికి లోపల్నుంచి వినపడింది. "ఏమేవ్, కప్పులు ఎక్కడుంటాయి?"

"మనింట్లోనే!" అంది అత్తగారు.

నాకు అప్పుడు తట్టింది. పెద్దమ్మ ప్రతి పేరూ ఎవరి పరువు పోయిన రోజున వాళ్ళకే పెట్టింది. ఆపైన ఊళ్ళో వాళ్ళు ఆ పేరు గురించి అడిగేవారు కానీ, పగిలిన కుండీ గురించి ఎవరూ అడిగేవారు కాదు.

ఇంతలో తలుపు చప్పుడైంది. కోడలు కిటికీ దగ్గరకు పరిగెత్తింది. చూసింది. అంతే వేగంగా వెనక్కి వచ్చి అత్తగారి రెండు చేతులూ పట్టుకుంది.

"అత్తయ్యగారూ, అమ్మా నాన్నా వచ్చేశారు!"

గడియ వేసినట్టే ఉంది.

అత్తగారు తలుపు వైపు చూసింది, కోడలి ముఖం చూసింది, పెట్టె వైపు చూసింది.

"నిలబడి చూస్తావేమే రొదే? ఆ పెట్టె మంచం కిందకు తొయ్యి. వాళ్ళు చూస్తే ఏమనుకుంటారు!"

బిషప్ గారు దుప్పటి బిగించుకుని లేచారు. "మీరెవరూ లేవకండి. అవతల నిలబడ్డవాళ్ళ కష్టం నాకు తెలుసు" అంటూ వెళ్ళి గడియ మీద చెయ్యి వేశారు. వేసి, వెనక్కి తిరిగి గొంతు తగ్గించి అడిగారు.

"పెట్టె లోపలికి వెళ్ళిందా? తియ్యొచ్చా?"