ఒహాయోలో బీరు ఇవ్వని బీరు మెషీన్

మిషిగన్‌లోని ట్రాయ్‌లో నేనుండే అపార్ట్‌మెంట్‌కి ఎదురుగా ఒక గ్రోసరీ స్టోర్ ఉంది. ప్రతి శుక్రవారం ఆఫీస్ నుంచి వస్తూ అక్కడ బీరు కొంటాను. కౌంటర్‌లో ఉండే అమ్మాయి నన్ను రెండేళ్లుగా చూస్తోంది, అయినా ప్రతిసారీ లైసెన్స్ అడిగి నా పుట్టినరోజు కంప్యూటర్‌లో కొట్టుకుంటుంది. నాకు ముప్పై తొమ్మిదేళ్లు, తల సగం నెరిసింది. అడిగినప్పుడల్లా ఒళ్లు మండేది. తర్వాత ఆలోచిస్తే, ఈ దేశంలో నా పుట్టినరోజు ఎప్పుడని అడిగేది ఆమె ఒక్కతే అనిపించింది. పెళ్లయిన మూడేళ్లకే విడిపోయాం, ఇంట్లో నేనొక్కడినే. అలాంటి ఒక శుక్రవారం ఆఫీస్‌లో ఒక జపాన్ కొలీగ్ తన ఫోన్‌లో ఫోటో చూపించాడు. కొలంబస్ శివార్లలో ఒక చిన్న జపనీస్ హోటల్, లోపల గోడ పక్కన పాతకాలపు బీరు వెండింగ్ మెషీన్. ఫోటో చూడగానే నాకు ప్రసాద్ గుర్తొచ్చాడు.

ప్రసాద్ అంటే డేవిడ్ ప్రసాద్, నరసాపురం వాడు. నాది ఖమ్మం. 2003లో మా కంపెనీ మమ్మల్నిద్దర్నీ ఏడాదిన్నర పనికి నగోయా దగ్గర ఒక చిన్న ఊరికి పంపింది. డార్మిటరీ వీధి చివర ఒక మద్యం దుకాణం, దాని బయట ఒక మెషీన్. డబ్బులు వేసి మీట నొక్కితే బీరు టిన్ను దబ్బున కింద పడేది. అడిగేవాడు లేడు, చూసేవాడు లేడు. పాస్టర్ గారి మేనల్లుడైన ప్రసాద్‌కి అది మరీ నచ్చింది. మా ఓవర్‌టైమ్ ఎప్పుడు ముగుస్తుందో మాకే తెలియదు కాబట్టి ఒక పద్ధతి పెట్టుకున్నాం. ముందు వచ్చినవాడు రెండు టిన్నులు కొనాలి, రెండోది మెషీన్ నెత్తిన పెట్టి వెళ్లిపోవచ్చు, ఆగాలనిపిస్తే ఆగవచ్చు. ఎప్పుడూ ఆగేవాళ్లమే. మొదటివారంలో దుకాణం పెద్దాయన ఆ టిన్ను ఎవరో మర్చిపోయారనుకుని లోపల దాచి, మర్నాడు రెండు చేతులతో పట్టుకొచ్చి వంగి ఇచ్చాడు. అది మర్చిపోయింది కాదని ఆయనకి సైగలతో చెప్పేసరికి మా తల ప్రాణం తోకకొచ్చింది.

ఏడాది తిరిగాక ఒక సాయంత్రం వెళ్తే మెషీన్ లేదు. నేల మీద నాలుగు బోల్టుల గుంతలు, దాని వెడల్పున తెల్లటి చదరం. పిల్లలు కూడా కొనేస్తున్నారని దుకాణాలవాళ్లే అలాంటివి ఒక్కొక్కటిగా తీసేస్తున్నారని తర్వాత తెలిసింది. "పోనీలేరా, సూపర్ మార్కెట్ ఉందిగా" అన్నాడు ప్రసాద్. వారానికి సరిపడా కొని ఎవడి ఫ్రిజ్‌లో వాడు పెట్టుకున్నాం. ఆ తర్వాత మేము కలుసుకోవడానికి కారణం ఏమీ మిగల్లేదు. ఊరికే నా గదికి రారా అని పిలవడం ఇద్దరికీ రాలేదు. మేము పోట్లాడుకోలేదు. మెషీన్ తీసేశారు, అంతే. తర్వాత ఇద్దరం అమెరికా వచ్చాం, వాడు సిన్సినాటిలో, నేను మిషిగన్‌లో. రెండేళ్లకోసారి న్యూ ఇయర్‌కి ఫోన్, వాడి పెళ్లికి వెళ్లలేకపోయినందుకు ఒక సారీ.

ఫోటో చూసిన రాత్రి నంబర్ వెతికి ఫోన్ చేశాను. "ఏం రా, మన మెషీన్ లాంటిది కొలంబస్ దగ్గర ఉన్నదంట. శనివారం వస్తవా?" అన్నాను. "వస్తాను రా. ఒంటిగంటకల్లా అక్కడుంటాను, సరేనా" అన్నాడు. ఆ "రా" విని ఎన్నేళ్లయిందో. నాకు మెషీన్ ఒక వంక మాత్రమే, నిజానికి నేను వెళ్లింది నా స్నేహితుణ్ణి వెనక్కి తెచ్చుకోవడానికి.

అక్టోబర్‌లో మూడో శనివారం, 2011. ఉదయం ఎనిమిదిన్నరకి ట్రాయ్‌లో బయల్దేరి ఐ-75 మీద దక్షిణం దారి పట్టాను. ట్యాంక్ ముందు రోజే నింపుకున్నాను, రానూపోనూ దాదాపు నాలుగు వందల మైళ్లు, సుమారు యాభై డాలర్ల గ్యాస్. టొలీడో పావు తక్కువ పదికి దాటాను. ఫిండ్లే దగ్గర ఫ్రీవే వదిలేసి 15వ నంబర్ రోడ్డు, దాన్నుంచి 23 పట్టుకోవాలి, అక్కడ జీపీఎస్‌ని నమ్మండి, నాలాగా తెలివితేటలు చూపించి పది నిమిషాలు పోగొట్టుకోకండి. మొక్కజొన్న కోసేసిన చేలు రెండు వైపులా మొండిగా ఉన్నాయి. ముందు సీట్లో పక్కన ఎవరైనా ఉంటే చూడు చూడు అనేంత అందమేమీ లేదు గానీ, పక్కన ఎవరూ లేరన్న సంగతి మాత్రం ఆ రోడ్డు బాగా గుర్తు చేస్తుంది.

అప్పర్ సాండస్కీలో పదకొండుంపావుకి కాఫీ కోసం ఆగాను. గ్యాస్ స్టేషన్‌లో ముసలాయన కిటికీలోంచి నా నంబర్ ప్లేట్ చూశాడు. "మిషిగన్ నుంచా? ఈ రోజు ఫుట్‌బాల్ ఆట ఉంది తెలుసా? సరే, కాఫీ అయితే ఇస్తాలే" అన్నాడు, కాలేజీ ఫుట్‌బాల్‌లో ఒహాయోకీ మిషిగన్‌కీ పడదు మరి. ఎక్కడికని అడిగాడు. ఫ్రెండ్‌ని చూడ్డానికి అన్నాను. "ఎన్నాళ్లయింది చూసి?" అంటే ఏడేళ్లు అని చెప్పాను. ఆయన కాఫీకి డబ్బులు తీసుకున్నాడు, ఒక డోనట్ మాత్రం ఊరికే ఇచ్చి, ఇది అతనికివ్వు అన్నాడు. ప్రసాద్‌కి చక్కెర మానెయ్యమని ఎవరైనా చెప్పి ఉంటారా అని దారంతా ఆలోచించాను, వాడి గురించి నాకు అంత కూడా తెలియదు.

హోటల్ చేరేసరికి పన్నెండున్నర దాటింది. స్ట్రిప్ మాల్‌లో డ్రై క్లీనర్ షాపు పక్కన ఉంటుంది, బోర్డు చిన్నది, జాగ్రత్తగా చూసుకోవాలి. మెషీన్ లోపల కుడివైపు గోడకి ఉంది. అద్దం వెనక బీరు టిన్నుల వరసలు ఎండకి వెలిసి ఉన్నాయి, ఇరవై ఏళ్లలోపు వాళ్లకి అమ్మబోమన్న జపనీస్ స్టిక్కర్ అలాగే ఉంది. ఏ టిన్ను కింద నొక్కినా పడేది చల్లటి గ్రీన్ టీ టిన్నే. ఇక్కడ మెషీన్‌లో మద్యం అమ్మనివ్వరు. యజమానురాలు అరవై దాటిన జపాన్ ఆవిడ. మెషీన్ ఆవిడ నాన్నగారి దుకాణంలోదట. "బయటి నుంచి తీసేశాక కూడా నాన్న దాన్ని గొడౌన్‌లో దాచుకున్నారు. అది ఉన్నప్పుడు టిన్ను పడ్డ చప్పుడుకి నిద్ర పట్టడం లేదని విసుక్కునేవారు, తీసేశాక చప్పుడు లేదని నిద్ర పట్టేది కాదు" అంది. ఆయన పోయాక ఇంటి సామాన్లతో పాటు ఓడలో తెప్పించుకుందట. కరెంట్ తేడా కాబట్టి కింద ఒక ట్రాన్స్‌ఫార్మర్ గుయ్యిమంటూ ఉంటుంది. మెషీన్ డాలర్లు తీసుకోదు. కౌంటర్‌లో డాలరున్నర ఇస్తే ఆవిడ ఒక వంద యెన్ల బిళ్ల ఇస్తుంది, ఒక బిళ్లకి ఒక టిన్ను.

రెండు బిళ్లలు తీసుకున్నాను. ఆవిడ వంటింట్లోకి వెళ్లాక రెండు టిన్నులు కొని, ఒకటి మెషీన్ నెత్తిన పెట్టి, ఎదురుగా కూర్చున్నాను. ఒంటిగంటయింది. ఒంటిగంటా పదయింది. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ లేచి కూర్చోవడం, ఎవరో ఒకరు ఆట టీషర్టులతో రావడం. సిగ్గేసింది కూడా, పెళ్లిచూపులకి వచ్చినవాడిలా ఏమిటిది అని. ఒంటిగంటా ఇరవైకి ప్రసాద్ వచ్చాడు, వెనక భార్య సునీత, అయిదేళ్ల పాప. కొంచెం ఒళ్లు చేశాడు, నవ్వు అదే.

"బాగున్నారా రవీందర్ గారూ" అన్నాడు.

బాగున్నానండీ అని నేనూ అన్నాను. పాప నేరుగా మెషీన్ దగ్గరికి వెళ్లి, "నాన్నా, సంబడీ ఫర్‌గాట్ దిస్" అని పైన ఉన్న టిన్ను కోసం చెయ్యి చాపింది. ప్రసాద్ ఆ టిన్ను వైపు చూశాడు. నా వైపు చూడలేదు. "ముట్టుకోకమ్మా, మనది కాదు" అన్నాడు. నేనే లేచి దాన్ని దించి పాపకిచ్చాను. అప్పటికే చల్లదనం పోయింది. డోనట్ కూడా పాపకే పోయింది.

రామెన్ నూడుల్స్, బియ్యప్పిండిలో వేయించిన చికెన్ తెప్పించాం, మనిషికి పన్నెండు డాలర్ల లోపే, బాగున్నాయి. సునీత మంచి మనిషి, గంట సేపు అన్నయ్యా అన్నయ్యా అంటూ మాట్లాడింది. "ఈయన జపాన్ గురించి ఒక్క ముక్క చెప్పరు అన్నయ్యా. అడిగితే పని తప్ప ఇంకేముంది అంటారు. ఇప్పుడు మా చర్చ్‌లో యూత్ మీటింగులు ఈయనే చూస్తున్నారు. డ్రింక్స్ జోలికి పోకుండా అక్కడ ఏడాదిన్నర ఒంటరిగా ఎలా ఉన్నారో పిల్లలకి చెబుతూ ఉంటారు." ప్రసాద్ నూడుల్స్ కలుపుతూనే ఉన్నాడు, చాలా సేపు కలిపాడు.

పాపకి మెషీన్ మీంచి దృష్టి పోవడం లేదు. "అంకుల్, జపాన్‌లో మీరు దీంట్లో బీర్ కొన్నారా?"

"కొన్నానమ్మా."

"ఒక్కరేనా?"

ప్రసాద్ చాప్‌స్టిక్స్ ఆగిపోయాయి. ఏడేళ్లుగా ఈ మాట ఎవరితోనైనా చెప్పుకోవాలని నాకెంత ఉందో నాకే తెలుసు. మేమిద్దరం ఆ మెషీన్‌కి చెరోవైపు ఆనుకుని వానలో గొడుగు లేకుండా నిలబడ్డ రోజులు, వాళ్ల నాన్న ఆపరేషన్ రోజు వాడు నా భుజం మీద ఏడ్చిన సాయంత్రం, అన్నీ నోటి దాకా వచ్చాయి.

"ఒక్కణ్ణేనమ్మా" అన్నాను.

రెండున్నరకి వాళ్లు లేచారు, సాయంత్రం చర్చ్‌లో పాటల ప్రాక్టీస్ ఉందట. బాత్రూమ్‌కి వెళ్లొస్తానని ప్రసాద్ వెనక ఉండిపోయాడు. నేను సునీతనీ పాపనీ కార్ దాకా సాగనంపాను. అయిదు నిమిషాలకి వాడొచ్చి షేక్‌హ్యాండ్ ఇచ్చాడు, చెయ్యి చల్లగా ఉంది. "డ్రైవ్ జాగ్రత్తండీ" అన్నాడు. కార్ మలుపు తిరిగి వెళ్లిపోయింది. నేను నా కార్‌లో కూర్చుని తాళం తిప్పలేకపోయాను. రెండు వందల మైళ్లు వచ్చి నా స్నేహితుడికి నేనేమీ కానని నా నోటితో నేనే చెప్పి వచ్చాను. ఏడుపొచ్చింది, దాపరికం ఎందుకు.

కిటికీ మీద ఎవరో తట్టారు. యజమానురాలు, హోటల్ చెప్పులతోనే పరుగెత్తుకొచ్చి, రెండు చేతుల మధ్య ఒక టీ టిన్ను పట్టుకుని ఉంది.

"మీ ఫ్రెండ్ మర్చిపోయారు" అంది రొప్పుతూ. "కొని, మెషీన్ మీద పెట్టి వెళ్లిపోయారు. నన్ను కాయిన్ కూడా అడగలేదు. పర్సులోంచి తన సొంత కాయిన్ తీసి వేశారు."

టిన్ను ఐసులా చల్లగా ఉంది. అది నాదేనండీ అని చెప్పి తీసుకున్నాను. ఆవిడ ఒక్క క్షణం నన్ను చూసి, వంగి, వెళ్లిపోయింది.

తిరుగు ప్రయాణం మూడు గంటల యాభై నిమిషాలు పట్టింది. టీ సగం అక్కడే తాగాను, సగం ఫిండ్లే దాటాక. జపాన్‌లో ఇప్పుడు ఆ మెషీన్లు చాలా తగ్గిపోయాయట, ఉన్నవాటిలో కూడా వయసు తెలియడానికి లైసెన్స్ పెట్టాలట. మంచిదే, పిల్లల క్షేమం ముఖ్యం, నేను కాదనను. జపాన్ నుంచి తెచ్చిన ఆ బిళ్లని వాడు ఏడేళ్లుగా పర్సులో దాచుకున్నాడు, అది ఇంట్లో ఎవరికీ తెలియదు. మా మధ్య ఇక అంతే ఉంటుంది, అంతకంటే ఎక్కువ ఉండదని కూడా నాకు అర్థమైంది. వాడికి ఫోన్ చెయ్యలేదు, వాడూ చెయ్యలేదు. అయినా శుక్రవారం స్టోర్‌లో ఆ అమ్మాయి పుట్టినరోజు అడిగితే ఈసారి ఒళ్లు మండలేదు.

మీరూ వెళ్లాలనుకుంటే ఫుట్‌బాల్ ఆట లేని శనివారం చూసుకుని వెళ్లండి. మెషీన్ మీద టిన్ను కనిపిస్తే మాత్రం, ఎవరో మర్చిపోయారనుకుని తియ్యకండి, అక్కడే ఉండనివ్వండి.