ఆగ్నేయంలో జొన్నరొట్టె

తార్నాకలో మెట్రో దిగి యూనివర్సిటీ గేటు వైపు నడిచేవాళ్ళను సారలమ్మ ఎవరని అడిగితే తెల్లమొహం వేస్తారు. "అదేనండీ, రొట్టెల ఆంటీ" అంటే మాత్రం చెయ్యెత్తి దారి చూపిస్తారు. తన పేరు ఎవరికీ తెలియదని సారలమ్మ ఎప్పుడూ బాధపడలేదు. రొట్టె తెలిసింది కదా, పేరుతో పనేముంది అనుకునేది. ఆ ధీమాయే ఒకసారి ఆమె కొంప ముంచబోయింది.

సారలమ్మది పాలకుర్తి దగ్గర పల్లె. బావి ఎండిపోయాక మొగుడు రాజలింగు హబ్సిగూడలో ఒక అపార్ట్‌మెంటు గేటు దగ్గర సెక్యూరిటీ పనికి కుదిరాడు. అతని వెనకే వచ్చి సీతాఫల్‌మండిలో ఒక్క గదిలో కాపురం పెట్టింది. సాయంత్రం డ్యూటీకి వెళ్ళిన మనిషికి వేడి జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం డబ్బాలో పెట్టి తీసుకెళ్ళేది. ఆ డబ్బా మూత తీయగానే లిఫ్టు కోసం నిలబడ్డవాళ్ళు తలలు తిప్పి చూసేవారు. షుగరున్న ఒక పెద్దావిడ ఉండబట్టలేక, "అమ్మా, రేపు నాకూ రెండు తెస్తావా?" అని అడిగింది.

ఇంకొకరైతే సరేనని ఊరుకునేవారు. సారలమ్మ అలా ఊరుకునే రకం కాదు. ఎవరేం అడిగినా, ఎందుకు అడుగుతున్నారో తెలుసుకునేదాకా ఆమెకు అన్నం సయించదు. "ఎందుకమ్మా, అన్నం తింటలేవా? డాక్టర్ ఏమన్నడు? ఉప్పు ఎయ్యాల్నా వద్దా?" అని ఆరా తీసింది. అలా అడిగి అడిగి ఈ చుట్టుపక్కల ఎవరి ఆకలి ఏమిటో మొత్తం పట్టేసింది. షుగరువాళ్ళకు పలచగా, ఉప్పు లేకుండా కావాలి. జిమ్ముకెళ్ళే కుర్రాళ్ళకు మందంగా ఉండాలి. హాస్టల్ పిల్లలకు రొట్టె ఎలా ఉన్నా పరవాలేదు గానీ, దాని మీద ఇంటి కారం ఉండాలి. యూనివర్సిటీ ప్రహరీ పక్కన ఫుట్‌పాత్ మీద గొడుగు వేసుకుని పొయ్యి పెట్టిన రోజు నుంచీ ముగ్గురికీ మూడు రకాలు కొట్టి ఇస్తూనే ఉంది. ఇక్కడి మెట్రో ఆమె కళ్ళ ముందే లేచింది. పాత ఇళ్ళు పడగొట్టి అపార్ట్‌మెంట్లు కట్టారు, సందుసందుకీ హాస్టళ్ళు వచ్చాయి. వాటితో పాటే ఆమె గిన్నెలో పిండీ పెరిగింది.

ఒక్క వాన మాత్రమే ఆమెకు శత్రువు. చినుకు పడితే పొయ్యి ఆరిపోయేది, కలిపిన పిండి వృథా. అందుకే అదే రోడ్డు మీద సోమయాజులు గారింటి కింద షట్టర్ ఖాళీ అయిందని తెలియగానే చెంగు దోపుకుని మేడ మెట్లెక్కింది.

సోమయాజులు గారు రాజమండ్రి వైపువారు. రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. మంచి మనిషే గానీ వాస్తు దగ్గర మాత్రం మొండి. "నీకివ్వడానికి అభ్యంతరం లేదమ్మా. ఒకటే షరతు. అగ్ని ఆగ్నేయంలో ఉండాలి, వండే మనిషి తూర్పు ముఖంగా కూర్చోవాలి. అందులో మాత్రం తేడా వస్తే నేనొప్పుకోను" అన్నారు.

"గంతేనా సారు? యాడ పెట్టమంటే ఆడ పెడ్త" అంది సారలమ్మ. దిక్కుల పట్టింపు ఆమెకూ ఉంది. ఊళ్ళో ఇల్లు కట్టినప్పుడు పొయ్యి మూల కోసం గోడే జరిపించారు. కొత్త దుకాణంలో శాస్త్రం ప్రకారం ఉంటేనే కలిసొస్తుందని ఆమె కూడా గట్టిగా నమ్మింది.

శ్రావణంలో మంచిరోజు చూసి పాలు పొంగించారు. దుకాణంలో సాయానికని డ్యూటీ రాత్రికి మార్చుకున్న రాజలింగు, రోడ్డు దుమ్ము పడకుండా అద్దం తలుపు పెట్టించాడు. బోర్డు రాసేవాడు "మిల్లెట్ అంటేనే ఇప్పుడు గిరాకీ" అని చెప్పి 'ఆరోగ్య మిల్లెట్ ఫుడ్స్' అని తళతళలాడేలా రాసిచ్చాడు. అంతా బాగానే ఉంది. కానీ ఆ షట్టర్ ముఖం పడమరకు. అంటే ఆగ్నేయం మూల లోపల, అట్టడుగున పడింది. అక్కడ తూర్పు ముఖంగా కూర్చుంటే రోడ్డు మీదవాళ్ళకు కనిపించేది సారలమ్మ వీపు ఒక్కటే.

రొట్టె తెలిసినవాళ్ళు వెతుక్కుంటూ వస్తారన్న ధీమాతో, చోటు మారుతున్నానని ఎవరికీ ప్రత్యేకంగా చెప్పలేదు. మొదటివారం కొత్త కదా అనుకుంది. వినాయకుడి పందిళ్ళు లేచేనాటికీ గిన్నెలో పిండి మిగిలిపోతూనే ఉంది. అపార్ట్‌మెంటు అమ్మలు ఫోన్ చేసి తెప్పించుకుంటున్నారు, అంతే. రోడ్డున పోయే జనం ఆగడం లేదు. ఫుట్‌పాత్ మీద ఆమె పాత చోట్లో కొబ్బరిబోండాల బండి వచ్చి కూర్చుంది, వెనక్కి వెళదామన్నా చోటు లేదు. అప్పుడే సోమయాజులు గారు మెట్లు దిగి వచ్చి, దుకాణం ఖాళీగా ఉండటం చూసి మెల్లగా మాట కదిపారు.

"దసరా దాకా చూద్దామమ్మా. నడవకపోతే నిన్ను ఇబ్బంది పెట్టడం నాకిష్టం లేదు. ఫోన్ కవర్లమ్ముకునే కుర్రాడొకడు అడుగుతున్నాడు."

"దసరాకు మీరే లైన్ల నిలవడ్తరు సారు" అంది సారలమ్మ నవ్వుతూ. ఆయన వెళ్ళాక మాత్రం నవ్వలేదు. షట్టర్ పోతే ఎవరింట్లోనో వంటపనికి పోవాలి. ఇన్నేళ్ళూ కొట్టి నిలబెట్టుకున్న బేరం పేరూ ఊరూ లేకుండా పోతుంది.

"రొట్టెల రుచి తగ్గిందేమోనే" అన్నాడు రాజలింగు.

"నీ నాలిక రుచి తగ్గింది. పిండి అదే, చెయ్యి అదే. గిరాకీ యాడికి పోయిందో పోయి దానినే అడుగుత" అని చెప్పి, మర్నాడు పొద్దున్నే చెప్పులేసుకుని యూనివర్సిటీ క్యాంపస్‌లోకి నడిచింది.

ఆర్ట్స్ కాలేజీ ముందు నడకకొచ్చినవాళ్ళు చేతులూపుకుంటూ తిరుగుతున్నారు. లైబ్రరీ దగ్గర చాయ్ బండి చుట్టూ పిల్లలు. వాళ్ళలో సింధూజ కనిపించింది. నిర్మల్ వైపు నుంచి వచ్చి పరిశోధన చేస్తున్న పిల్ల. ఫుట్‌పాత్ మీద ఉన్నన్నాళ్ళూ వారంలో సగం రోజులు సారలమ్మ రొట్టెతోనే ఆమెకు పూట గడిచేది.

"ఆంటీ!" అని కేకేసి ఆ పిల్ల చాయ్ గ్లాసుతోనే ఎదురొచ్చింది. "ఏం పోకడ ఆంటీ! చెప్పకుండ ఊరికి పోయినవ్. నీ కారం లేక నోరు చచ్చిపోయింది."

"ఊరికి పోవుడేంది పిల్లా? సోమయాజులు సార్ ఇంటికింద దుకాణం పెట్టుకుంటి గదా!"

సింధూజ నోరు తెరిచింది. "గా అద్దాల దుకాణం నీదా? నేను రోజూ దాని ముందలకెల్లే పోత! లోపల ఎవరో అటు దిక్కు తిరిగి కూసుంటరు. యాడనో మిషన్ మీద చేసిన రొట్టెలు తెచ్చి అమ్ముతున్నరనుకున్న."

"మిషనా? నావి మిషన్ రొట్టెలా?" సారలమ్మ చేయి నడుము మీదికెళ్ళింది.

"నాకేం ఎరుక ఆంటీ? చేసేది కనవడది, సప్పుడు ఇనవడది. నువ్వు గీడ ఫుట్‌పాత్ మీద కొడ్తుంటే టప్ టప్ అని సప్పుడు గేటు దాక ఇనొస్తుండె. గా సప్పుడుకే ఆకలి అయితుండె మాకు."

"నా వీపు సూసి గుర్తువట్టలేకపోయినవా?"

"వీపు సూసి ఎట్ల గుర్తువడ్తరు ఆంటీ? గిన్నేండ్లు మొకమే సూస్తిమి. నీ పేరు కూడ తెల్వది మాకు, బోర్డు సూసి కనుక్కుందమంటే!"

చుట్టూ ఉన్న పిల్లలు ఘొల్లుమన్నారు. సారలమ్మ కూడా నవ్వేసింది. రోగమేమిటో తెలిసింది కదా, ఇక మందు వేయడమే అనుకుంది. తిరుగుదారిలో ఆమె నడక రెట్టింపు జోరందుకుంది.

రాజలింగు ఒక ఉపాయం చెప్పాడు. పొయ్యి కదపకుండా, పీట మాత్రం గుమ్మం దగ్గరకు తెచ్చి అక్కడ రొట్టె కొట్టాలి, దాన్ని తను లోపలికి మోసుకెళ్ళి పెనం మీద వేస్తాడు. వాస్తుకు వాస్తు, చప్పుడుకు చప్పుడు. వినడానికి బాగానే ఉంది. కానీ జొన్నరొట్టె గోధుమరొట్టెలా మాట వినదు. వేడినీళ్ళతో కలిపిన పిండిని అరచేతితో కొట్టీ కొట్టీ పలచన చేసి, అదే ఊపున పెనం మీద పడేయాలి. చేతులు మారితే చిరిగిపోతుంది. రాజలింగు మొదటిదాన్ని గుమ్మం దాటించాడు, రెండోదాన్ని సగం దూరం తెచ్చాడు, మూడోది అతని మోచేతి మీద రెండు ముక్కలై వేలాడింది.

"పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకొమ్మంటే దొంగను పట్టుకున్నట్టు పట్టుకుంటివి!" అని సారలమ్మ కసిరింది.

"నాకు గేటు తియ్యుడు, ఏసుడు నేర్పిన్రు. రొట్టె మోసుడు నేర్పలే" అన్నాడు రాజలింగు, షర్టుకంటిన పిండి దులుపుకుంటూ.

ఇక లాభం లేదని సారలమ్మ మేడెక్కింది. సోమయాజులు గారు పేపరు చదువుతున్నారు. ఆయన భార్య వెంకటరమణమ్మ గారు చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. సారలమ్మ కూర్చోకుండానే, ఉన్న విషయం చెప్పేసింది. "సారు, పొయ్యి దుకాణం ముందలి బండల మీదికి తెస్త. రోడ్డు దిక్కు మొకం పెట్టి కూసుంట."

పేపరు కిందికి దిగింది. "ఏమిటేమిటీ? అగ్నిని వాకిట్లో, పడమర ముఖంగానా? ముందే చెప్పాను కదమ్మా!"

"చెప్పిన్రు సారు. నేను కూడ నమ్మిన. మీరు చెప్పినట్టే చేస్తే గిరాకీకి నా వీపు కనవడ్తున్నది. ఫుట్‌పాత్ మీద గన్నేండ్లు పడమటి మొకమే పెట్టుకొని కూసున్న. అప్పుడు పెరిగిన బేరమే గిది."

"అది రోడ్డు. ఇది ఇల్లు. ఇంటికి దోషం."

వెంకటరమణమ్మ గారు చిక్కుడుకాయ తుంచుతూనే అందుకున్నారు. "ఏవండీ, మన స్నానాలగదిలో గీజరు ఈశాన్యంలోనే కదా మరుగుతోంది? ఇన్నాళ్ళూ దానికి లేని దోషం దీనికెందుకూ?"

"అది కరెంటు."

"ఇది గ్యాసు. రెండిట్లోనూ కట్టెలు లేవుగా."

"నువ్వు ఊరుకోవే!"

"ఊరుకుంటాను. రేపట్నుంచి మీకు రాత్రి రొట్టె సారలమ్మ బదులు నేనే చేస్తాను, తినండి."

ఆ మాటకు సోమయాజులు గారి మొహంలో రంగు మారింది. ఆవిడ చేసిన జొన్నరొట్టె ఒకసారి తిన్నారు. పంటి వైద్యుడి దగ్గరికి వెళ్ళాల్సి వచ్చింది.

సారలమ్మ సందు దొరకబుచ్చుకుంది. "ఒక్క సాయంత్రం ఇయ్యుండ్రి సారు. మీకు తప్పనిపిస్తే దసరా దాక కూడ ఆగను, తెల్లారే తాళంచెవి తెచ్చి మీ చేతుల పెడ్త."

రాజలింగు వింటే గుండె ఆగేదే. సోమయాజులు గారు చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. "ఒక్క సాయంత్రమే" అన్నారు చివరికి.

మర్నాడు ఎండ చల్లబడగానే షట్టర్ ముందున్న షాబాదు బండల మీద పొయ్యి, పెనం, పీట దిగాయి. పైన రేకు ఉండనే ఉంది, వాన భయం లేదు. సారలమ్మ రోడ్డు వైపు తిరిగి కూర్చుని, కొంగు బిగించి, మొదటి ముద్ద పీట మీద వేసి కొట్టింది. టప్. టప్ టప్. పెనం మీద వేసి తడిగుడ్డతో పైన నీళ్ళు రాసింది, తిప్పింది. రొట్టె బెలూనులా పొంగి ఉస్సుమంది. కాలిన జొన్న వాసన బస్సుపొగను తోసుకుంటూ రోడ్డెక్కింది.

మెట్రో దిగి వస్తున్న ఒకతను ముందుకెళ్ళినవాడల్లా ఆగి వెనక్కి వచ్చాడు. "అరె, ఆంటీ! నువ్విక్కడున్నవా?"

"నేనీడనే ఉన్న. నువ్వే కండ్లు ఫోన్ల పెట్టుకొని పోతున్నవ్. మందందేనా?"

"మందందే. రెండు."

సింధూజ తన గదివాళ్ళనూ, పక్కగదివాళ్ళనూ వెంటేసుకుని వచ్చింది. అంబర్‌పేట్ వెళ్ళే రెండు ఆటోలు పక్కకు వచ్చి ఆగాయి. "కారం జర ఎక్కువెయ్యి", "నాది ఉప్పు లేకుండ", "ఆంటీ నేను ముందొచ్చిన" అంటూ జనం అద్దం తలుపుకు అడ్డంగా నిలబడ్డారు. సారలమ్మ చేతులు పీట మీదే ఉన్నాయి, నోరు మాత్రం ఒక్కొక్కరినీ పలకరిస్తూనే ఉంది. "నీ పరీక్ష ఏమైంది? మీ అమ్మ మోకాలు నొప్పి తగ్గిందా? గీ పిల్ల కొత్తగొచ్చిందా, ఏ ఊరు బిడ్డా?" రాజలింగు కారం వేస్తూ, కాగితాల్లో చుడుతూ ఊపిరాడక సతమతమవుతున్నాడు.

ఆ సందడిలో సోమయాజులు గారు ఫోన్లో దిక్సూచి పెట్టుకుని కిందికి దిగారు. గుంపులోంచి దారి చేసుకోబోతే ఒక కుర్రాడు, "అంకుల్, లైన్ వెనకనుంచి" అన్నాడు.

"నేను ఓనర్నయ్యా!"

"ఓనరైనా లైనే అంకుల్. ఆంటీ రూలు."

సారలమ్మ తలెత్తింది. కొట్టే చేయి మాత్రం ఆగలేదు. ఆయన ఏమంటారో దాని మీదే అంతా ఆధారపడి ఉంది. సోమయాజులు గారు ఫోన్‌ని గోడకు ఆనించి చూశారు, పొయ్యి దగ్గర పెట్టి చూశారు. షట్టర్ లోపలికి చూశారు, మళ్ళీ బండల వైపు చూశారు. కనుబొమలు ముడిచి, విప్పి, మళ్ళీ ముడిచారు.

"సారలమ్మా, ఈ బండల జాగాకు పైన రేకుంది. మూడువైపులా గట్టుంది. కాబట్టి దీన్ని విడిగా ఒక గదిగానే లెక్కవేయాలి. ఆ లెక్కన ఈ గదికి ఆగ్నేయం..." అంటూ షట్టర్‌ను ఆనుకుని సారలమ్మకు ఎడమచేతి వైపున్న మూలను చూపించారు. "అదిగో. పొయ్యి అక్కడికి ఒక జానెడు జరిపితే దోషం లేదు. ముఖం విషయం..." గుంపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించారు. "ముఖం సంగతి ఏ పుస్తకంలోనైనా దొరుకుతుందేమో చూస్తాను."

మేడ మీది పిట్టగోడ మీదనుంచి వెంకటరమణమ్మ గారి నవ్వు వినిపించింది.

"జరగుండ్రి, జరగుండ్రి, పొయ్యి జరుగుతున్నది!" అని కేకేసింది సారలమ్మ. తనూ రాజలింగూ చెరోవైపు గుడ్డ పెట్టి పట్టుకుని, మండుతున్న పొయ్యిని ఎత్తకుండా మెల్లగా మూలకు నెట్టారు. దానితో పాటు గుంపూ జరిగింది. రొట్టె మాడకముందే సారలమ్మ పీట లాక్కుని మళ్ళీ కూర్చుంది.

సోమయాజులు గారు తృప్తిగా తల పంకించి, లైను చివరికి వెళ్ళి నిలబడ్డారు. ఆయన వంతు వచ్చేసరికి చాలాసేపే పట్టింది. పలచటి రొట్టెలు, ఉప్పు లేనివి, సారలమ్మ తన చేత్తోనే కాగితంలో చుట్టి ఇచ్చింది.

"సారు, తాళంచెవి నా కాడనే ఉండనీయాల్నా మరి?"

"ఉండనీ, ఉండనీ. ఆ కుర్రాడికి వేరేచోట చూసుకోమని చెప్తాను."

సారలమ్మ ఒక్క క్షణం కళ్ళు మూసుకుని తెరిచింది. అంతే, తర్వాతి ముద్ద పీట మీద పడింది. కొడుతూ కొడుతూనే ఆయన వెనక ఇంకా తరగని జనాన్ని చూసి అడిగింది:

"గట్లయితే సారు, గా మూలకు ఇంకో పొయ్యి పడ్తదా?"

సోమయాజులు గారు రొట్టెల పొట్లం చంకలో పెట్టుకుని, మళ్ళీ ఫోన్ తీశారు.