అక్షరం దాటని బొద్నార్ బాచి

బొద్నార్ బాచి మాటలు చదవడు, అక్షరాలు చదువుతాడు. ఒక అక్షరం దగ్గర ఆగుతాడు, దాని మొహం కేసి చూస్తాడు, ఏమైనా దాచిందేమోనని అనుమానిస్తాడు, చివరికి సరే పొమ్మని వదిలి పక్కదాని దగ్గరికి వెళతాడు. ఆ పక్కది ఏమై ఉంటుందో ఊహించడం ఆయన దృష్టిలో దొంగతనంతో సమానం.

అసలు పేరు బొద్నార్ ఆర్పాద్. బుడాపెస్టులో వయసు మళ్ళిన మగవాడి పేరు వెనక 'బాచి' అని తగిలిస్తారు, మనం బాబాయ్ అన్నట్టు. ట్రాము స్టాపులో నిలబడి, వచ్చిన ట్రాము నెత్తిన రాసిన పేట పేరును మొదటి అక్షరం నుంచీ చదవడం మొదలుపెట్టేవాడు. ఆయన చివరి అక్షరం చేరేసరికి ట్రాము తర్వాతి స్టాపు చేరేది. పోనీ, ఎప్పుడూ ఎక్కేదే కదా అంటే, "నిన్నటిది ఎక్కేదే. ఇవాళ్టిది ఏమిటో చదివితేనే కదా తెలిసేది" అనేవాడు. సోమవారం పేపరు గురువారం పూర్తి చేసేవాడు. దానివల్ల ఒక లాభం ఉండేది. ఆయన బాధపడదామని సిద్ధమయ్యేసరికి ఆ కబురు తప్పని ప్రభుత్వమే ఖండించేసేది.

వినడమూ అంతే. ఎదుటివాడి వాక్యం ముగిసిందని నమ్మకం కుదిరేదాకా నోరు విప్పడు. పై అంతస్తులో ఉండే ఒకావిడ మెట్ల మీద కనబడి, "మా ఆయన సంగతి మీకు తెలియనిది ఏముంది..." అని మొదలుపెట్టి, ఎప్పటిలాగే మధ్యలో వదిలేసి ఇంట్లోకి పోయింది. ఆవిడ చెత్తబుట్టతో మళ్ళీ బయటికొచ్చేసరికి బాచి అదే మెట్టు మీద టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. మిగతాది విందామని.

ఈయన ఉద్యోగం ఏమిటంటారా? ప్రభుత్వ సంస్థలకు ఉత్తరాలు, రసీదులు అచ్చువేసి ఇచ్చే ఒక లెక్కల కేంద్రంలో కంప్యూటరుకు ప్రోగ్రాములు రాయడం. ఎనభైల నాటి మాట. కంప్యూటరు బీరువా అంత, దాని జ్ఞాపకశక్తి మాత్రం పెళ్ళిళ్ళ పేరయ్య జ్ఞాపకశక్తి అంత. తనకు కావలసిందే గుర్తుంటుంది, అదీ కొంచెమే. అంచేత దానితో దాని సొంత భాషలోనే, అంటే అసెంబ్లీ భాషలోనే మాట్లాడాలి. ఆ భాషలో 'ఈ ఉత్తరం అచ్చువెయ్యి' అంటే దానికి అర్థం కాదు. ఈ గడిలోని అక్షరం తియ్యి, చేతిలో పట్టుకో, అది సున్నానా కాదా చూడు, కాకపోతే ఆ గడిలో పెట్టు, ఒక అడుగు ముందుకెయ్యి, మళ్ళీ మొదటికి రా. సున్నా కనబడితే వాక్యం అయిపోయినట్టు, ఆగు. ఇలా చెప్పాలి. బాచి కోసమే ఎవరో ఈ భాషను కనిపెట్టి ఉంటారని ఆఫీసులో జోకు.

హల్మోష్ పిరోష్కా అక్కడ కొత్తగా చేరినప్పుడు ఆమెను బాచి ఎదుటి బల్ల దగ్గర కూర్చోబెట్టారు. పిరోష్కా చురుకైన పిల్ల. మీరు అనబోయేది మీకంటే ముందు అనేస్తుంది. సగం వాక్యం విని మిగతా సగం తనే అల్లుకుని, దానికి జవాబు కూడా చెప్పేసి, పని ముగించుకుని వెళ్ళిపోతుంది. అలాంటి పిల్లను బాచి ఎదురుగా కూర్చోబెట్టడం రైలింజనును ఎద్దుబండి వెనక కట్టడమే.

మొదటి వారంలోనే ఆమె ఒక సందేహం అడిగింది. వాక్యం ఎంత పొడుగుందో ముందే తెలిస్తే అంతా ఒక్కసారి ఎత్తి అవతల పెట్టొచ్చు కదా, ఒక్కో అక్షరం తడుముకోవడం ఎందుకని. ఆమె నిజంగానే ముగించిందని తేల్చుకోవడానికి బాచి కొంతసేపు తీసుకున్నాడు.

"పొడుగు తెలుసనుకుని నడిచినవాడు పక్కింటి పడగ్గదిలో తేలతాడమ్మాయ్" అన్నాడు. "చివర సున్నా కనబడేదాకా నాకేమీ తెలియదు అనుకో. ఎవరి పరువూ పోదు."

పిరోష్కా ఆ సాయంత్రమే తన స్నేహితురాళ్ళకు ఈ మాట బాచి గొంతుతో, బాచి నత్తనడకతో నటించి చూపించింది. ఆఫీసులో అందరూ ఏదో ఒక వేళ బాచిని అనుకరించేవాళ్ళే. ఆ కేంద్రంలో నాటకాలకు కొదవ లేదు, పనికే.

అక్కడ ఇంకో మనిషి ఉండేవాడు, ప్రింటరు చూసుకునే వెండెల్. ముప్ఫై దాటని కుర్రాడు, నత్తి. మొదటి అక్షరం దగ్గర గొంతు పట్టేసేది. వెండెల్ నోరు తెరవగానే చుట్టూ ఉన్న దయామయులంతా అతని మాట పూర్తిచేయడానికి ఎగబడేవాళ్ళు. అతను 'కా' అంటే ఒకరు కాఫీ అనేవారు, ఒకరు కాగితం అనేవారు. అతను చెప్పాలనుకున్నది కాలు నొప్పి. చివరికి విసిగి, వాళ్ళు తెచ్చిన కాఫీ తాగేసి ఊరుకునేవాడు. పిరోష్కా అయితే మరీ వేగం. తను వెండెల్‌కు పెద్ద ఉపకారం చేస్తున్నానని కూడా అనుకునేది.

కేంద్రం పెట్టి చాలా ఏళ్ళయిందని ఒక పండగ చేశారు. దేశం నలుమూలల నుంచీ ఫ్యాక్టరీలు శుభాకాంక్షలు పంపాయి. అందరికీ జవాబులు తన సంతకంతో వెళ్ళాలని డైరెక్టరు జొంబొరి పట్టుబట్టాడు. జొంబొరి వాక్యం మొదలుపెట్టడమే గాని ముగించడం ఎరగని మనిషి. 'ఉత్తరాలు రేపటికల్లా, లేకపోతే...' అని వెళ్ళిపోయాడు. బాచి ఆ రోజు పన్ను పీకించుకోవడానికి సెలవు పెట్టాడు. ప్రింటరు చూస్తే ఒక్కో అక్షరానికి ఆగి ఆగి కొడుతోంది. కారణం బాచి ప్రోగ్రాము. అక్షరం తీస్తుంది, చూస్తుంది, మారుస్తుంది, పంపుతుంది.

పిరోష్కాకు ఒళ్ళు మండింది. ఆ చూడటాలూ మార్చడాలూ తీసేసి, పంక్తిని పంక్తిగా ఎత్తి ప్రింటరు నెత్తిన పోసే ఆజ్ఞ ఒకటి రాసింది. తన పేరు కొట్టించి చూసుకుంది. 'హల్మోష్ పిరోష్కా' అని చక్కగా పడింది. ప్రింటరు గుర్రంలా పరిగెత్తింది.

బాచి మార్చేది ఏమిటో ఆమె చదవలేదు. హంగేరీ వాళ్ళ భాషలో ఒక అచ్చు ఉంది. దాని నెత్తిన రెండు చుక్కలు పెడితే ఒకటి, రెండు గీతలు పెడితే ఇంకొకటి. కంప్యూటరు ఏ అంకెతో చుక్కల అక్షరాన్ని గుర్తుపెట్టుకుందో, విదేశం నుంచి తెచ్చిన ఆ ప్రింటరు అదే అంకెకు గీతల అక్షరం కొడుతుంది. బాచి ప్రోగ్రాము ఒక్కో అక్షరం దగ్గర ఆగేది ఈ రెంటినీ పట్టుకుని తారుమారు చేయడానికే. పిరోష్కా పేరులో ఆ అచ్చు లేదు. ఉత్తరంలో ఉంది. చాలాచోట్ల అది వికారంగా కనబడి ఊరుకుంది గాని ఒక్క మాట దగ్గర కొంప ముంచింది. చుక్కలతో 'సంతోషించారు' అనే మాట, గీతలతో 'పిచ్చెక్కింది' అయిపోతుంది.

ముందు చూసింది వెండెలే. ప్రింటరు దగ్గర్నుంచి కాగితం పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"పి... పి..." అన్నాడు.

"పిలిచావా? ఇక్కడే ఉన్నాగా" అంది పిరోష్కా తల ఎత్తకుండా.

అతను అడ్డంగా తల ఊపి, మళ్ళీ "పి..." అన్నాడు.

"పిన్నులా? అయ్యో, అడగవేం" అని సొరుగులోంచి ఒక డబ్బా తీసి అతని చేతిలో పెట్టి, భుజం తట్టి పంపేసింది. వెండెల్ కాగితం చూపించబోయాడు. ఈలోగా డైరెక్టరుగారి సెక్రటరీ వచ్చి, వేడివేడిగా ఉన్న ఉత్తరాలన్నీ వాటేసుకుని పోయింది. జొంబొరి ఫోనులో మాట్లాడుతూ ఎడాపెడా సంతకాలు పెట్టాడు. పోస్టు వెళ్ళిపోయింది. వెండెల్ పిన్నుల డబ్బా పట్టుకుని నిలబడ్డాడు.

వాపు దిగని దవడతో బాచి మర్నాడు గుమ్మంలో అడుగుపెట్టాడు. పిరోష్కా బల్ల మీద ఉత్తరం నకలు ఒకటి మిగిలి ఉంది. గుమ్మంలోంచే దాన్ని చూసి, "కింది నుంచి మూడో పంక్తి" అని మాత్రం అని, కోటు తగిలించాడు. పిరోష్కా చదివింది. *మీ శుభాకాంక్షలు అందుకుని మా డైరెక్టరు కామ్రేడ్ జొంబొరికి పిచ్చెక్కింది.*

ఆమె ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. అంత భయంలోనూ ఒక ముల్లు మనసులో గుచ్చుకుంది. ట్రాము పేరు చదవలేని మనిషి, గుమ్మంలోంచి మూడో పంక్తి ఎలా చదివాడు?

జవాబులు రావడం మొదలైంది. ఒక సిమెంటు ఫ్యాక్టరీ కార్మికులు కామ్రేడ్ జొంబొరి త్వరగా కోలుకోవాలని కోరారు. చక్కెర మిల్లు వాళ్ళు ఒక మంచి ఆరోగ్యాశ్రమం చిరునామా పంపారు. ఒక పాత మిత్రుడు, తనకు ఎప్పట్నుంచో అనుమానంగానే ఉందని రాశాడు. మంత్రిత్వశాఖ నుంచి ఫోను వచ్చింది. డైరెక్టరు మీటింగు పెట్టాడు.

"ఇది ఎవరి నిర్వాకమో నాకిప్పుడు తేలాలి, తేలకపోతే..." అని బల్ల గుద్దాడు. పిరోష్కా లేవబోయింది. అంతకుముందే బాచి ఉత్తరం నకలు చేతిలోకి తీసుకుని లేచాడు.

"తప్పు ఎక్కడుందో చూద్దాం కామ్రేడ్ డైరెక్టర్" అని మొదటి అక్షరం మీద వేలు పెట్టి పైకి చదివాడు. తర్వాత రెండోది. తర్వాత మూడోది. మొదట ఎవరో కిసుక్కున నవ్వారు. కాసేపటికి నవ్వు ఆగింది. ఇంకాసేపటికి కిటికీ దగ్గరున్నవాళ్ళు వాచీలు చూసుకున్నారు. జొంబొరి మధ్యలో దూరబోతే బాచి వేలు అక్కడే ఆపి, ఆయన వాక్యం ముగిసేదాకా వినయంగా నిలబడేవాడు. జొంబొరి వాక్యం ముగిసేది కాదు. ఓ గదినిండా జనం ఆ ఇద్దరి మధ్యా ఇరుక్కుపోయారు. 'పిచ్చెక్కింది' దగ్గరికి వచ్చినప్పుడు బాచి దాన్ని మరీ విడమరిచి, గీత గీతా చెప్పి చదివాడు. అయినా ఆగలేదు.

"అయిపోయింది కదా, ఇంక కూర్చో" అన్నాడు డైరెక్టరు.

"ఇంకా సున్నా రాలేదు కామ్రేడ్. కింద ఏదో ఉంది" అన్నాడు బాచి. కాగితం కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు. "జ... జొ... చుక్కల్లేవు, గీతల్లేవు... జొం... ఇది చేతిరాత. జొం... బొ... రి. ఓ, తమరి సంతకమా. అయితే తప్పు నాదే. తమరు చదివే పెట్టి ఉంటారు కదా, సరైనదాన్ని తప్పనుకున్నాను."

 జొంబొరి మొహం బీట్‌రూట్ రంగుకు వచ్చింది. ఆ రోజు ఆయన జీవితంలో మొదటిసారి ఒక వాక్యం పూర్తి చేశాడని చెప్పుకుంటారు. "ఈ విషయం ఇంతటితో ముగిసింది" అన్నాడు.

మధ్యాహ్నం పిరోష్కా క్యాంటీనుకు వెళ్ళింది. వెండెల్ ఒక్కడే ఒక మూల కూర్చుని ఉన్నాడు, ముందు రెండు పళ్ళేలు పెట్టుకుని. ఒకదాని మీద మూత. తిండిపోతు అనుకుంది. ఎదురుగా కూర్చుని, ఆవేళ పిన్నులు ఇచ్చి పంపేసినందుకు క్షమించమంది. వెండెల్ నోరు తెరిచాడు. మొదటి అక్షరం దగ్గర పట్టేసింది. పిరోష్కా నాలుక చివర పది మాటలు సిద్ధంగా ఉన్నాయి. రొట్టెముక్క పెద్దది విరిచి నోట్లో కుక్కుకుని నమలసాగింది. మింగలేదు.

అతను మెల్లగా, ఆగి ఆగి, చివరిదాకా చెప్పాడు. "బాచి ఒకప్పుడు ఇలా ఉండేవాడు కాదు. మ... మీకంటే అన్యాయం. డైరెక్టరు మాటలు కూడా ఈయనే పూర్తి చేసేవాడు. నేను చేరిన రోజు పేరు అడిగాడు. నేను 'వె' దగ్గర ఆగిపోతే, ఊళ్ళో 'వె'తో ఉన్న పేర్లన్నీ వరసగా చెప్పాడు. ఆడవాళ్ళవి కూడా. అందరూ నవ్వారు. మర్నాటి నుంచి ఈయన ఇలా తయారయ్యాడు. ఇక నన్ను చూసి నవ్వడానికి ఎవరికీ తీరిక లేకపోయింది."

పిరోష్కా రొట్టె మింగింది. "ఇదంతా నీకు తెలుసని ఆయనకు తెలుసా?"

"తెలీదు. ఇంక చాలు బాచీ అని చెబుదామనుకుంటా. చెబితే చిన్నబుచ్చుకుంటాడు. ప... పాపం, ఎంత కష్టపడుతున్నాడో చూడండి."

వడ్డించే కిటికీ దగ్గర బాచి నిలబడి, బోర్డు మీద వంటకాల పేర్లు చదువుతున్నాడు. వెనక జనం పళ్ళు నూరుతున్నారు. ఆయన వేలు 'కాబేజీ చుట్టలు' చివరికి చేరేసరికి వడ్డించేవాడు వచ్చి ఆ పేరు తుడిచేశాడు. బాచి ఖాళీ పళ్ళెంతో వీళ్ళ బల్ల దగ్గరికి వచ్చాడు. వెండెల్ రెండో పళ్ళెం మూత తీసి ఆయన ముందుకు జరిపాడు. కాబేజీ చుట్టలు ఇంకా పొగలు కక్కుతున్నాయి.

"ఇవాళ కూడానా? రోజూ నీకెలా తెలుస్తుందయ్యా, అయిపోతాయని?" అన్నాడు బాచి కూర్చుంటూ.

"మ..." అన్నాడు వెండెల్.

బాచి చెంచా గాలిలో ఆపాడు. పిరోష్కా కూడా ఆపింది. ఇద్దరూ అతని కేసి చూస్తూ కూర్చున్నారు, కూర చల్లారితే చల్లారనీ అన్నట్టు.

"మంత్రం" అన్నాడు వెండెల్.