ఆంజనేయప్రసాద్ బావ బ్రిస్బేన్ చూసిన విధం

మా బావ ఆంజనేయప్రసాద్ ఉండేది కాపెల్‌లో. డాలస్ పక్కనున్న ఆ ఊళ్లో మనవాళ్లు ఎవరు సెలవులకు ఎక్కడికి వెళ్లాలన్నా ముందు ఆయన సలహా అడుగుతారు. లండన్, సింగపూర్, టొరంటో అన్నీ చుట్టివచ్చిన మనిషని ఆయనకు పేరు. ఆ పేరు ఎవరిచ్చారో నాకు తెలుసు, ఆయనే ఇచ్చుకున్నాడు. లండన్‌లో ఆయన చూసింది కాలేజీ స్నేహితుడు కొన్న ఇల్లు. సింగపూర్‌లో చూసింది ఇంకో స్నేహితుడి బాల్కనీ. టొరంటోలో అయితే బేస్‌మెంట్ కూడా చూశాడు. అప్పుడే కొత్త కార్పెట్ వేయించారట.

ఆయన పద్ధతి ఎప్పుడూ ఒకటే. టికెట్లు బుక్ అయ్యీ కాకముందే కాలేజీ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో "వస్తున్నాం" అని పెడతాడు. ఆ ఊళ్లో ఉన్న బ్యాచ్‌మేట్లందరూ ఆయన్ని పూటలవారీగా పంచుకుంటారు. ఒకరింట్లో తిని ఇంకొకరింట్లో తినకపోతే రెండోవాడు నొచ్చుకుంటాడు. నొచ్చుకున్నవాడు రేపు డాలస్ వస్తే మనింటికి రాడు. రాకపోతే ఏం కొంప మునుగుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. బావకు మాత్రం అది పరువుకు సంబంధించిన వ్యవహారం.

మా అక్క అనురాధ ఇన్నేళ్లూ ఆ ఇళ్లలోని సోఫాలన్నిటి మీదా కూర్చుంది. వీసా తిప్పలతో చాలాకాలం ఉద్యోగం లేకుండా ఉండి, గ్రీన్‌కార్డు వచ్చాక ఒక స్కూల్ లైబ్రరీలో చేరింది. అక్కడ పిల్లలు తిరిగిచ్చిన పుస్తకం ఒకటి అరలో పెడుతూ ఒక ఫొటో చూసింది. ఊరి మధ్యలోంచి వంకర్లు తిరుగుతూ పోయే పెద్ద నది, ఒడ్డున ఆకు కనబడకుండా ఊదారంగు పూలు పూసిన చెట్లు, వాటి ముందునుంచి వెళ్తున్న పడవ. కింద బ్రిస్బేన్, ఆస్ట్రేలియా అని ఉంది. ఈసారి అక్కడికి వెళ్దామని అడిగింది. పెళ్లయ్యాక ఆవిడ నోరు తెరిచి ఫలానా ఊరు అనడం అదే మొదలు. ఆ పడవెక్కి నది ఈ చివరినుంచి ఆ చివరిదాకా వెళ్తే చాలు, ఇంకేమీ వద్దంది. చెట్లు పూసేది అక్టోబర్‌లో కాబట్టి ఆ నెలకే సెలవు పెట్టింది. డాలస్‌కు ఇంకో పక్క ఫ్రిస్కోలో ఖాళీగా ఉన్న బ్రహ్మచారిని కాబట్టి నన్నూ రమ్మంది. బావ సరేనన్నాడు. సరేనని గ్రూపులో పెట్టాడు.

అంత దూరం ఎగిరి వెళ్లి చూద్దును కదా, మళ్లీ కాపెల్‌లోనే దిగినట్టుంది. గుమ్మంలో చెప్పుల గుట్ట, లోపల అదే సోఫా, అదే టీవీలో అదే సీరియల్. ప్రతి ఇంట్లోనూ ముందు ఇల్లు చూపిస్తారు. మేం వరసగా మీడియా రూమ్, పూజ రూమ్, సరుకులు పెట్టుకునే పాంట్రీ చూసి, పాంట్రీ చాలా పెద్దగా ఉందని ఒప్పుకోవాలి. తరవాత పెరట్లోకి తీసుకెళ్తారు. టెక్సాస్ చలికి కుండీలో వణికే మా కరివేపాకు అక్కడి వాతావరణానికి ఇంటి కప్పు దాటి పెరుగుతుంది. ఆ చెట్టు ముందు మాత్రం బావ భక్తిగా నిలబడ్డాడు, ఫొటో కూడా దిగాడు.

నదిని చూడలేదని అనడానికి లేదు. కారులో రెండుసార్లు వంతెన దాటాం. అక్క అద్దానికి ముఖం ఆనించి కూర్చుంది. బావ ముందు సీట్లో ఇంటి లోన్ల వడ్డీ రేట్లు మాట్లాడుతున్నాడు. పడవ సంగతి ఎత్తినప్పుడల్లా, అది సిటీ బస్సేననీ, నీళ్ల మీద నడవడమొక్కటే తేడా అనీ, ఆఫీస్‌కి వెళ్లేవాళ్లు ఎక్కుతారనీ చెప్పేవాడు. నాకు ఒళ్లు మండేది.

చివరి రోజు పూర్తిగా పడవకేనని మాట ఇచ్చాడు. విమానం రాత్రికి. పొద్దున్నే శశికాంత్ అనే ఇంకో బ్యాచ్‌మేట్ దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. అందరిళ్లకూ వెళ్లి తన ఇంటికి మాత్రం రాలేదని అతను బాధపడ్డాడట. బావ కరిగిపోయాడు. ఒక్క గంటలో లంచ్ ముగించి అటునుంచటే నదికి వెళ్దామన్నాడు. మనవాళ్ల లంచ్ ఒక్క గంటలో ముగియడం చరిత్రలో లేదు. అక్క సూట్‌కేసులు సర్ది కారులో పెట్టి, తనూ ఎక్కింది.

ఒంటిగంటకు వెళ్తే రెండున్నరకు అప్పడాలు వేయిస్తున్నారు. పాంట్రీ చూడటం అయిపోయింది. బిర్యానీ గిన్నె బల్ల మీదికి వచ్చాక అక్క తన పళ్లెం పక్కకు జరిపి, ఇక్కణ్ణుంచి పడవ దగ్గరికి ఎలా వెళ్లాలని శశికాంత్ భార్య రేణును అడిగింది.

రేణు చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "ఏమో అక్కా, నేను గూడ ఎక్కలే ఎన్నడూ. వచ్చి ఎనిమిదేండ్లయింది. ఎప్పుడు జూసినా ఎవరో ఒకరు గెస్ట్స్ వస్తుంటరు" అంది.

అని గరిటె గిన్నెలో పెట్టి, చెయ్యి తుడుచుకుని, కారు తాళాలు తీసుకుంది. అక్క లేచి ఆమె వెనకే నడిచింది.

బావా, శశికాంతూ బల్ల దగ్గర అలాగే కూర్చుండిపోయారు. పెరుగు పచ్చడి ఎక్కడుందో శశికాంత్‌కు తెలియదు. కాసేపటికి బావ తేరుకుని, వెంట వెళ్లి వాళ్లను త్వరగా పడవ ఎక్కించి, దింపి తీసుకురమ్మని నన్ను తరిమాడు. నేను పరుగెత్తుకెళ్లి వెనక సీట్లో కూర్చున్నాను. వాళ్లను త్వరగా తెచ్చే ఉద్దేశం నాకేమీ లేదు.

యూనివర్సిటీ రేవులో ఎక్కాం. ఆడవాళ్లిద్దరూ అందరికంటే ముందున్న బెంచీ మీద కూర్చున్నారు. గాలికి రేణు జుట్టు రేగిపోతే ఆమె సర్దుకోలేదు. ఎత్తైన కొండ చరియలు, పెద్ద ఇనుప వంతెన దాటిపోయాం. ఒడ్డున ఊదారంగు చెట్లు నిజంగానే ఫొటోలో ఉన్నట్టే ఉన్నాయి. అక్క ఫొటోలు తీయలేదు, చూస్తూ కూర్చుంది. ఆవిడ ముఖం అంత తేలిగ్గా ఉండటం చూసి నాకు సంతోషమూ కలిగింది, బావ మీద కోపమూ వచ్చింది.

ఈలోపు బావ ఫోన్ల మీద ఫోన్లు. శశికాంతూ తనూ సామానుతో దారిలోని న్యూఫామ్ రేవు దగ్గరికి వస్తున్నామని, మమ్మల్ని అక్కడ దిగమని, అటునుంచి ఎయిర్‌పోర్టుకు వెళ్దామని నాతో చెప్పాడు. టైమ్ చూశాను. ఇంకా చాలా టైముంది.

పడవ న్యూఫామ్ చేరేసరికి రేవు మీద బావ నిలబడి ఉన్నాడు. రెండు పక్కలా సూట్‌కేసులు, చేతిలో బిర్యానీ పార్సిల్. దిగేవాళ్లు దిగారు, ఎక్కేవాళ్లు ఎక్కారు. అక్క కదల్లేదు. పడవ మనిషి తాడు విప్పడానికి వంగాడు.

"అనూ, దిగు. ఇదే స్టాప్" అన్నాడు బావ.

"ఇది చివరిది కాదండీ. చివరిదాకా వెళ్లి ఈ పడవలోనే వెనక్కొస్తాను. మీరూ రండి" అంది అక్క.

బావ సూట్‌కేసుల వైపు చూశాడు, పార్సిల్ వైపు చూశాడు, వెనక కారులో ఉన్న శశికాంత్ వైపు చూశాడు. వీటిలో దేన్ని వదలాలో తేల్చుకునేలోపు గేటు మూసేశారు. పడవ కదిలింది. రేవు మీద ఆయన అలాగే నిలబడి చిన్నగా అయిపోతుంటే, ఎంత తిట్టుకున్నా నాకు పాపం అనిపించింది. పెద్దాయన ఎండలో నిలబడ్డాడని అక్కతో అన్నాను.

అక్క నదిమీద నుంచి చూపు తిప్పలేదు.

"ఇన్నేళ్లూ ఆయన లేద్దామనేదాకా నేను కూర్చోలేదట్రా? ఓ గంట నిలబడనీ."