నాన్నకిచ్చిన పాలటీ

ఆదివారం సాయంత్రం. ఉన్నవారు: నేను, నా భార్య, అల్లుడు.

"గ్రీన్ టీ తాగండి మావయ్యా, కిడ్నీలకి మంచిదంట," అన్నాడు అల్లుడు.

ఆకు ఒకటే. పులియనివ్వకపోతే గ్రీన్ టీ, పులియబెడితే నల్ల టీ, దానికే పాలు కలిపితే పాలటీ. ఏదైనా నీళ్లే, కిడ్నీలు పాడైన నాకిప్పుడు రోజుకు తాగే నీళ్లకు కొలత ఉంది.

పాలు లేని ఆ వాసనకు మా ఊరు అక్కుపల్లిలో నాన్న గుర్తొచ్చాడు. కాళ్లు వాచిన ఆయనకు అమ్మ రోజూ అరగ్లాసు నల్ల టీయే ఇచ్చేది. పాలు పిల్లలమైన మాకు మిగల్చడానికే అనుకుని, ఒకరోజు రాత్రి నా గ్లాసెడు పాలటీ ఆయనకిచ్చాను.

"ఇదేటిరా, నీది కాదా?"

"నాకొద్దు. నువ్వు తాగీ నాన్నా."

ఆశగా తాగేశాడు. "మీ అమ్మకి సెప్పకు, సంపేత్తాది."

మర్నాటి ఉదయం ముఖం ఉబ్బి ఆయన కళ్లు తెరుచుకోలేదు.

"రాత్రి ఏటి తాగినావు?" అంది అమ్మ.

"ఏటీ లేదే," అంటూ నాన్న చేయి చాచి, నా తల ఎక్కడుందో తడిమాడు.